పల్నాటి పుల్లరి ఉద్యమము: హక్కు - అనుమతి

ప్రకృతి సంరక్షణకై ప్రభుత్వము విధించు నిర్బంధములకును, ప్రజల స్వేచ్ఛకును గల వైరుధ్యము నేటి చర్చలలో నూతన సమస్యవలె కానవచ్చుచున్నది. కాని ఆంధ్రదేశమున దీనికి నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. 1921-22 సంవత్సరములలో పల్నాట జరిగిన పుల్లరి ఉద్యమము అందొక ముఖ్యఘట్టము. దీనిని సహాయ నిరాకరణోద్యమమున ఒక భాగముగా మాత్రమే చరిత్రకారులు పలువురు పేర్కొనుచుందురు. అడవిపై అధికారమెవరిదను ప్రశ్న అందెట్లు పరిణమించెనో పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

‘పుల్లు’ అనగా గడ్డి, ‘అరి’ అనగా పన్ను. పశువులను మేపుకొనుటకు చెల్లించు పన్ను పుల్లరి. కాకతీయుల కాలపు పన్నులలోనే ఈ పేరు కలదు. కావున పన్ను చెల్లించుట పల్లెవారికి క్రొత్తగాదు. క్రొత్తది వేరొకటి కలదు. పూర్వము అడవిలో మేపుట వాడుకవలన సంక్రమించిన హక్కు. చట్టము వచ్చిన పిదప అది ప్రభుత్వము దయచేయు అనుమతి అయ్యెను.

ఈ మార్పు నిర్వివాదముగా జరుగలేదు. 1870వ దశకమున మద్రాసు రెవిన్యూ బోర్డువారే అడవులయందు గ్రామస్థులకు అనాదిగా హక్కులు కలవని వాదించిరి. 1878 నాటి భారత అటవీ చట్టము మద్రాసు రాజధానికి వర్తింపకపోవుటకు ఈ అభిప్రాయభేదమొక కారణము. తరువాత అటవీశాఖ ప్రధానాధికారి బ్రాండిస్ మద్రాసునకు వచ్చి సలహా లొసగెను. 1882లో మద్రాసు అటవీ చట్టము వెలువడెను. దానినిబట్టి రిజర్వు అడవిగా ప్రకటింపదలచిన భూమిపై హక్కు కలవారు నిర్ణీతమైన గడువులోపల అధికారికి విన్నవించుకొనవలెను. వ్రాతపత్రములు లేని వాడుకను వ్రాతపూర్వకముగా నిరూపించుట పల్లెవారికి దుస్సాధ్యము.

పల్నాటి గ్రామములు పెక్కింటికి అడవి పొలిమేరలోనే యుండెను. పశువు హద్దు దాటినచో బందెలదొడ్డికి పోవును. విడిపించుటకు సొమ్ము చెల్లింపవలెను. దీనికి తోడు క్రిందియుద్యోగుల వేధింపులుండెను. 1921లో ప్రజలు పుల్లరి చెల్లించుటకు నిరాకరించి, అధికారులను సాంఘికముగా బహిష్కరించిరి. మించాలపాటి రైతునాయకుడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులయందు మరణించెను. ఈ ఉద్యమమున పాల్గొని చెరసాలకేగిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు ‘మాలపల్లి’ కర్తగా సాహిత్య విద్యార్థులకు సుపరిచితులు.

ప్రభుత్వపక్షమున బలము లేదనుట న్యాయముగాదు. రైలుమార్గములకును, పట్టణములకును కలప, వంటచెరకు తరలిపోవుటచే అడవులు క్షీణించిన మాట యథార్థము. హద్దులేని మేపువలన లేత మొక్కలు నశించుననుటయు సత్యమే. అయినను కలప తరలుటకు మూలము పశువుల కాపరి కాదు. నష్టము కల్గించినది ఒకరు, నిర్బంధము మోసినది మరియొకరు. పల్నాటి వివాదమునకు అసలైన మూలమిందు గలదు.

నిర్బంధమునకును నిరంకుశ స్వేచ్ఛకును నడుమ మూడవ మార్గ మొకటి ఆనాడే సూచింపబడెను. మద్రాసు ప్రభుత్వము నియమించిన అటవీ సంఘము 1913లో, మేపునకును వంటచెరకునకును పనికివచ్చు అడవులను గ్రామ పంచాయతుల కొప్పగింపదగునని అభిప్రాయపడెను. పల్నాట తుపాకులు ప్రేలుటకు తొమ్మిదేండ్ల పూర్వమే ఈ సూచన ప్రభుత్వము ముందుండెననుట గమనింపదగినది.

2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవిని నమ్మి బ్రదుకువారి హక్కులను గుర్తించుటయేగాక, దరఖాస్తులను విచారించు తొలి బాధ్యతను గ్రామసభకు ఇచ్చినది. ఆ హక్కుదారులకును గ్రామసభకును అడవిని, వన్యప్రాణులను కాపాడు అధికారమునుగూడ కల్పించినది. ఆచరణమున లోపములున్నను సూత్రము స్పష్టము. అడవిని కాపాడుమని ఎవరిని ఆజ్ఞాపింతుమో, వారి హక్కును ముందు గుర్తింపవలెను. హక్కు లేనివాడు అడవిలో అపరాధిగానే సంచరించును. అపరాధిగా ఎంచబడినవాడు దానికి కావలికాడు కాజాలడు. పుల్లరి చరిత్రమునుండి పరిశోధకులు గ్రహింపదగిన విషయమిది.