మధుర నాయకుల దళవాయి వేషం: ఆధారాలు, తయారీ

ఊరేగింపులలో, పాఠశాల వేడుకలలో మన పిల్లలకు దళవాయి వేషం వేయిస్తున్నాం. అద్దెకు దొరికేది మాత్రం ఛాతీ కండలు ఉబ్బెత్తుగా పోసిన ప్లాస్టిక్ తొడుగు, ఎర్ర కుచ్చు టోపీ. అది రోమన్ సేనానిది. సినిమాల దారిన వచ్చింది. తెలుగు చదవడం రాని మన పిల్లలకు తాతముత్తాతల చరిత్ర కంటికి కనిపించేది ఇలాంటి వేషాలలోనే. అందుకే సరైన వివరాలు ఇక్కడ ఇస్తున్నాం.

ఆధారాలు

రోమన్ వేషం శ్రద్ధగా కట్టేవారు అక్కడి స్మారక శిలలు చూసి కుట్టుకుంటారు. క్రీ.శ. 9లో మరణించిన మార్కస్ కేలియస్ అనే అధికారి శిల జర్మనీలోని బాన్ మ్యూజియంలో ఉంది. ఛాతీ మీది పతకాలు, చేతికర్ర అందులో స్పష్టంగా కనిపిస్తాయి. మనకు ఆ పని గుడి స్తంభాలు చేస్తాయి.

తిరుమల నాయకుడు (1623–1659) కట్టించిన మధుర పుదుమండపంలో నాయకుల నిలువెత్తు శిల్పాలున్నాయి. దేవుని ఎదుట చేతులు జోడించిన రూపాలు గనుక వాటికి కవచం లేదు. టోపీకి, కటారికి, నగలకు అవి ఆధారం. యోధుల నిలుపు, ఆయుధాలు పట్టే తీరు శ్రీరంగం శేషరాయ మండపంలో, తిరునెల్వేలి దగ్గరి కృష్ణాపురం గుడిలో చూడాలి. తంజావూరు ఆయుధశాల కటారులు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి.

కవచానికి సాక్షి పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయస్. 1520 ప్రాంతంలో విజయనగర సైన్యాన్ని చూసి, పట్టు, మఖమలు అంగీల లోపల గట్టి తోలు పొరలు, ఇనుప రేకులు ఉండేవని, శిరస్త్రాణానికి మెడ కప్పే అంచు ఉండేదని రాశాడు. మధుర నాయకులు ఆ విజయనగరం నుంచి వచ్చినవారే.

తయారీ

1. మోకాళ్ళ దాకా వచ్చే అంగీ. లోపల కోరా గుడ్డ, మధ్య దూది, పైన పట్టు లేదా మఖమలు. బొంత కుట్టినట్టు వరుసగా దారం వేయాలి.
2. ఛాతీకి, వీపుకు లోపల తోలు. చిన్నపిల్లలకు బరువు కాకుండా తోలు బదులు మరో రెండు పొరల గుడ్డ చాలు.
3. పలుచని రేకు ముక్కలు. అంచులు మడిచి, మూలల్లో బెజ్జాలు పెట్టి కుట్టాలి. మడవని అంచు చర్మం కోస్తుంది.
4. టోపీకి మెడ మీద పడే బొంత అంచు. కుచ్చు వద్దు.
5. కటారి చెక్కదే.

అళగర్ తిరునాళ్ళకు దుస్తులు కుట్టే, ఇదివరకు పుదుమండపంలో ఉన్న దర్జీలకు ఇలాంటి పని కొత్త కాదు. శిల్పం ఫోటో వెంట తీసుకెళ్ళండి.

చివరగా ఒక మనవి. అంగీ లోపల గుడ్డపట్టీ మీద ఏ వివరం ఎక్కడ చూసి కుట్టించారో తెలుగులో రాసి కుట్టండి. వేషం కట్టే పిల్లచేత ఆ నాలుగు మాటలు చదివించండి.