అల్లాయ్ చక్రాల పూత మరమ్మతు

కార్లకు అమర్చే అల్యూమినియం మిశ్రమలోహ చక్రాలపై గీతలు, ఒరుపులు, పొక్కులు ఏర్పడి రంగు లేచిపోయినప్పుడు వాటిని తిరిగి పూర్వస్థితికి తెచ్చే పనిని అల్లాయ్ చక్రాల పూత మరమ్మతు అంటారు. ఈ చక్రాలను వాడుకలో అల్లాయ్ వీల్స్ అని, పాతతరం మెకానిక్కులు మ్యాగ్ వీల్స్ అని పిలుస్తారు. మ్యాగ్ అనే మాట మెగ్నీషియం నుండి వచ్చింది. ఒకప్పటి పందెపు కార్లకు మెగ్నీషియం చక్రాలు వాడేవారు. నేడు మామూలు కార్లకు వచ్చేవి అల్యూమినియంతో చేసినవే అయినా పేరు మాత్రం కొన్నిచోట్ల నిలిచిపోయింది.

ఈ పనిలో అన్నిటికంటె ముఖ్యమైనది ఒక తేడాను గుర్తించడం. పూత దెబ్బతినడం వేరు, లోహం దెబ్బతినడం వేరు. మొదటిదానిని బాగుచేయవచ్చు. రెండవదానిపై రంగు వేస్తే ప్రమాదాన్ని కప్పిపెట్టినట్లే అవుతుంది. తిరుపతి, చిత్తూరు జిల్లాలలో తిరుమల కనుమతో పాటు భాకరాపేట, మొగిలి వంటి ఘాట్ రోడ్లు ఉన్నాయి కనుక ఇక్కడి వాహనదారులకు ఈ తేడా తెలియడం మరింత అవసరం.

చక్రం తయారీ

పోత అల్యూమినియం చక్రాలకు తొలినాళ్ల ప్రసిద్ధ ఉదాహరణ 1924లో ఫ్రాన్సులోని లియాన్ పందెంలో పాల్గొన్న బుగాటీ టైప్ 35 కారు. నేటి చక్రాలలో ఎక్కువభాగం ఎ-356 అనే మిశ్రమలోహంతో పోత పోస్తారు. ఇందులో అల్యూమినియంతో పాటు సుమారు 7 శాతం సిలికాన్, 0.3 శాతం మెగ్నీషియం ఉంటాయి. సిలికాన్ వలన కరిగిన లోహం అచ్చులో చక్కగా పారుతుంది. మెగ్నీషియం వలన తరువాత చేసే ఉష్ణచికిత్సకు లోహం గట్టిపడుతుంది. అల్యూమినియం సాంద్రత ఉక్కు సాంద్రతలో దాదాపు మూడో వంతు. అయితే బలం కోసం అల్లాయ్ చక్రాన్ని మందంగా పోస్తారు కనుక చక్రం బరువు ఆ నిష్పత్తిలో తగ్గదు.

పోత పోసిన చక్రాన్ని 540 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచి, నీటిలో ముంచి చల్లార్చి, తిరిగి 150 - 170 డిగ్రీల దగ్గర మరికొన్ని గంటలు ఉంచుతారు. దీనికి టి-6 చికిత్స అని పేరు. చక్రం బలమంతా ఈ చికిత్సలోనే ఉంది. మరమ్మతు పేరుతో చక్రాన్ని ఇష్టం వచ్చినట్లు వేడిచేయకూడదనడానికి కారణం కూడా ఇదే.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ చక్రాల తయారీకి విశాఖపట్నం పేరు వినిపిస్తుంది. అక్కడి సినర్జీస్ కాస్టింగ్స్ సంస్థ కార్ల అల్యూమినియం చక్రాలకు పేరుపొందింది. దాని అనుబంధ సంస్థ సినర్జీస్ డూరే ఆటోమోటివ్ మరో విధంగా చరిత్రకెక్కింది. 2016 నాటి దివాలా చట్టం కింద దేశంలో తొలిసారిగా పరిష్కార ప్రణాళిక ఆమోదం పొందినది ఆ సంస్థ విషయంలోనే (హైదరాబాదు ధర్మాసనం, ఆగస్టు 2017).

పూతలోని పొరలు

చూసేవారికి ఒకే రంగుగా కనిపించినా పూతలో పలు పొరలుంటాయి. శుభ్రపరచిన లోహంపై మొదట ఒక రసాయనిక పొర, దానిపై ప్రైమరు, ఆపైన రంగు, చివరకు పారదర్శకమైన క్లియర్ కోటు వేస్తారు. ప్రైమరును సాధారణంగా పొడి రూపంలో చల్లి 180 - 200 డిగ్రీల దగ్గర కొలిమిలో కాలుస్తారు. డైమండ్ కట్ అనే రకంలో ముందుభాగాన్ని లేత్‌పై సన్నగా కోసి, మెరిసే లోహంపై క్లియర్ కోటు మాత్రమే వేస్తారు. చూడటానికి ఇది అందమైనది, నిలకడలో బలహీనమైనది. ఒక్క రాయి తగిలి క్లియర్ కోటు చిట్లితే చాలు, కింద ఉన్నది వట్టి లోహమే.

గాలి తగిలిన అల్యూమినియంపై తక్షణమే పలుచని ఆక్సైడు పొర ఏర్పడి దానిని కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడు మాత్రం ఆ పొరను ఛేదించగలదు. గీత పడిన చోట తేమ, ఉప్పు చేరితే క్లియర్ కోటు కింద తెల్లని లేదా బూడిదరంగు దారాలు పాకినట్లుగా క్షయం వ్యాపిస్తుంది. దీనిని ఫిలిఫాం కొరోజన్ అంటారు. తెలుగులో దారపు క్షయం అనవచ్చు. పైన మళ్లీ క్లియర్ కోటు వేసినంత మాత్రాన ఇది ఆగదు. దారం పాకినంత మేర పూత తీసి, లోహాన్ని శుభ్రపరచవలసిందే.

ఈ ప్రాంతంలో దెబ్బతినే తీరు

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండవది 1974లో వాడుకలోకి వచ్చాయి. ప్రస్తుతం రెండవ రోడ్డును ఎక్కడానికి, పాతదానిని దిగడానికి వాడుతున్నారు. దిగేటప్పుడు మలుపు మలుపుకూ బ్రేకు వేయవలసి వస్తుంది. అప్పుడు ప్యాడ్లు, డిస్కులు అరిగి రాలే ఇనుప రజను వేడిమీద చక్రానికి అంటుకుని, తరువాత తేమ తగిలి తుప్పుపట్టి పూతలోకి దిగుతుంది. ముందు చక్రాలు వెనుకవాటికంటె త్వరగా నల్లబడడానికి కారణం ఇదే. తక్కువ గేరులో దిగితే బ్రేకుల వేడితో పాటు ఈ రజను కూడా తగ్గుతుంది.

ఇరుకు మలుపులలో పిట్టగోడకు, ఊళ్లో రోడ్డు అంచు రాళ్లకు ఒరుసుకోవడం వలన చక్రం బయటి అంచు చెక్కుకుపోతుంది. గ్రానైటు లారీలు తిరిగే దారులలోని రాతిదుమ్ము ఇసుక కాగితంలా పనిచేస్తుంది కనుక ఎండు గుడ్డతో చక్రం తుడవడం మంచిది కాదు. తడ, సూళ్లూరుపేట వైపు పులికాట్ తీరపు ఉప్పుగాలి, అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల తేమ దారపు క్షయానికి అనుకూలిస్తాయి. కఠినత్వం గల బోరునీటితో కడిగి ఆరబెట్టకుండా వదిలితే తెల్లని మచ్చలు మిగులుతాయి.

మరమ్మతుకు ముందు పరీక్ష

టైరు విప్పకుండా చక్రాన్ని పరీక్షించినట్లు కాదు. పగుళ్లు సాధారణంగా లోపలివైపు అంచున మొదలవుతాయి, బయటినుండి కనబడవు. గాలి కొద్దికొద్దిగా దిగుతూ ఉండటం, బ్యాలెన్సింగ్ చేసినా స్టీరింగు వణకడం అనుమానించవలసిన లక్షణాలు. అనుమానం ఉన్నచోట డై పెనిట్రెంట్ పరీక్ష చేస్తారు. ఎర్రని ద్రవం పూసి, కొన్ని నిమిషాల తరువాత తుడిచి, తెల్లని డెవలపరు చల్లితే పగులులో దాగిన ఎరుపు గీతగా పైకి వస్తుంది. ఈ పరీక్షకు ఖరీదైన యంత్రమేదీ అక్కరలేదు. అయినా రంగు వేసే షాపులలో దీనిని చేసేవారు తక్కువ. పని కన్నా మెరుపుకే డబ్బు వస్తుంది కదా!

పగుళ్లు, వంకరపోయిన చక్రాలు

భారతదేశంలో అల్లాయ్ చక్రాలకు ఐ.ఎస్. 16192, ఏ.ఐ.ఎస్. 073 ప్రమాణాలున్నాయి. మలుపు తిరిగేటప్పుడు పడే వంపుబలం, బరువుతో దొర్లడం, పక్కనుండి తగిలే తాకిడి - వీటిని తట్టుకుంటుందో లేదో పరీక్షించిన తరువాతే ఒక నమూనా చక్రాన్ని ఆమోదిస్తారు. గ్యాసుమంటతో వేడిచేసి, సుత్తితో సరిచేసిన చక్రం ఆ నమూనాకు సమానం కాదు. టి-6 చికిత్సతో వచ్చిన బలం 200 డిగ్రీలు దాటిన కొద్దీ సడలిపోతుంది.

ఇనుము పనిలో ఆరితేరినవారు కూడా ఇక్కడ పొరబడే అవకాశం ఉంది. ఇనుము కాలితే ఎర్రబడి తన వేడిని తానే చెబుతుంది. అల్యూమినియం అలా చెప్పదు. ఈ మిశ్రమలోహం 555 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది, అప్పటికీ పగటివెలుగులో రంగు మారదు. ఎంత కాలిందో కంటికి తెలియదు. ఆకుల (స్పోకుల) మీద, బోల్టు రంధ్రాల చుట్టూ వెల్డింగు చేయడం మరింత ప్రమాదకరం. జర్మనీలో చక్రాలను వెల్డింగు చేయడానికీ, వేడితో సరిచేయడానికీ అనుమతి లేదు. ఇటువంటి చక్రం చదునైన దారిలో చాలాకాలం నిలిచినా, నిండుగా జనం ఎక్కిన కారు ఘాట్ దిగే వేళ విరగవచ్చు. పగిలిన చక్రాన్ని మార్చివేయడమే మార్గం.

పూత మరమ్మతు విధానం

బయటి అంచున పైపైన పడిన ఒరుపులకు చేసే పని ఇది. టైరు, బరువులు తీసి, చక్రాన్ని సబ్బునీటితో కడిగి, జిడ్డు పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడుస్తారు. ఒరుపు చుట్టూ ముతక ఎమరీ కాగితంతో మొదలుపెట్టి, క్రమంగా 240, 400, 600 నంబర్ల వరకు రుద్దుతారు. మిగిలిన చిన్న గుంటలను అల్యూమినియం పొడి కలిసిన ఎపాక్సీ పుట్టీతో నింపవచ్చు. పుట్టీ రూపాన్ని సరిచేస్తుందే కాని బలాన్ని ఇవ్వదు. టైరు కూర్చునే గాడిలో దానిని వాడరాదు. రుద్దిన వెంటనే ఎపాక్సీ లేదా ఎచ్ ప్రైమరు వేయాలి. ఆలస్యమైతే వేలిముద్రల జిడ్డు, తేమ చేరి ప్రైమరు సరిగా పట్టదు. ఆపైన రంగు, క్లియర్ కోటు పలుచని వరుసలుగా వేస్తారు.

హబ్బుకు ఆనే భాగానికి, నట్లు కూర్చునే గుంటలకు రంగు తగలకుండా కాగితం అంటించాలి. అక్కడ రంగు మందంగా ఉంటే కొంతదూరం తిరిగాక అది నలిగి నట్లు వదులవుతాయి. అందుకే మరమ్మతు తరువాత నట్లను కారు చేతిపుస్తకంలో చెప్పిన టార్కుకు బిగించి, 50 - 100 కి.మీ. తిరిగిన పిమ్మట మళ్లీ సరిచూడాలి.

పాత రంగు తీయడానికి కాస్టిక్ సోడా వాడరాదు. అది అల్యూమినియంను తినివేసి హైడ్రోజన్ వాయువును వెలువరిస్తుంది. రెండు డబ్బాలుగా కలిపి వేసే క్లియర్ కోటు గట్టిపరిచే ద్రవంలో ఐసోసైనేట్లు ఉంటాయి. ఇవి ఉబ్బసాన్ని కలిగిస్తాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం ఇందుకు చాలదు. తగిన రెస్పిరేటరు, మంచి గాలి ప్రసారం ఉండాలి. చిన్న షాపులలో పనిచేసే కుర్రవాళ్లకు ఈ సంగతి చెప్పేవారు అరుదు.

డైమండ్ కట్ చక్రాన్ని బాగుచేయాలంటే సి.ఎన్.సి. లేత్ కావాలి. కోసిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది కనుక ఒక చక్రానికి ఈ పని కొద్దిసార్లు మాత్రమే సాధ్యం. ఆ తరువాత మొత్తానికి రంగు వేయించుకోవడం మేలు.

రక్షణ

ఘాట్ దిగిన వెంటనే వేడి చక్రంపై నీళ్లు పోయరాదు. నీరు చప్పున ఆవిరై మచ్చలు పడతాయి, బ్రేకు డిస్కులకూ మంచిది కాదు. చల్లారిన తరువాత ఆమ్లక్షార గుణాలు లేని షాంపూతో కడిగి, మెత్తని గుడ్డతో తడి అద్దాలి. ఇనుప రజనును కరిగించే ప్రత్యేక ద్రవాలు దొరుకుతాయి. అవి ఇనుము తగిలినచోట ఊదారంగుకు మారుతాయి. ఇత్తడి పాత్రలను తోమినట్లు చింతపండుతోను, మరుగుదొడ్లు కడిగే ఆమ్లంతోను చక్రాలను రుద్దడం కొందరికి అలవాటు. పూత లేచినచోట ఆమ్లం నేరుగా లోహాన్ని తింటుంది. కాణిపాకంలోనో తిరుమలలోనో కొత్త కారుకు పూజ చేయించినప్పుడు చక్రంపై పడే కొబ్బరినీళ్లు, నిమ్మరసం వలన పెద్ద హాని లేదు, ఇంటికి వచ్చాక కడిగితే సరిపోతుంది. కొన్ని నెలలకొకసారి మైనం పూయడం వలన రజను గట్టిగా పట్టుకోదు. సిరామిక్ పూతలు ఇంకా ఎక్కువకాలం నిలుస్తాయి.

పాత చక్రాలను కొనేవారు బయటి మెరుపును కాక లోపలివైపు చూడాలి. పోత పోసేటప్పుడే అక్కడ చక్రం కొలత, ఆఫ్‌సెట్, తయారైన కాలం వంటి వివరాలను అచ్చు వేస్తారు. అవి మందపాటి రంగు కింద పూడుకుపోయి ఉన్నా, అంచువెంట ఒకచోట మాత్రం రుద్దిన నునుపు కనిపించినా, ఆ చక్రానికి వెల్డింగు జరిగి ఉండవచ్చు.