ఏటి వేళలు, ఇంటి వేళలు

రండర్రా, చలి పెరుగుతోంది, నెగడు దగ్గరికి జరగండి. అమ్మలూ, ఆ దుప్పటి తమ్ముడికి కూడా కప్పు. ఇందాక మీ నాన్న అడిగాడు కదా, "ఇన్నేళ్లు ఏటి వెంట తిరిగావు, అమ్మ ఎప్పుడూ కోప్పడలేదేం నాన్నా?" అని. ఆ సంగతి ఒక్క ముక్కలో తేలేది కాదు. ఈ బీవర్‌కిల్ ఏరు గురించీ, ఈ ఒడ్డున బతికిన మనుషుల గురించీ చెబితేగాని మీకు అర్థం కాదు.

నేను ఈ దేశం వచ్చింది 1970ల్లో. న్యూజెర్సీలో ఉద్యోగం. మా ఆఫీసులో రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దాయన ఒకరుండేవారు. మాది గోదావరి పక్క ఊరని తెలిసి, "అయితే నీకు నీళ్ల సంగతి తెలుసన్నమాట, రా" అని ఒక శనివారం కారెక్కించుకుని తీసుకొచ్చారు. క్యాట్స్‌కిల్ కొండలు చూడటం అదే మొదలు. రోస్కో ఊళ్లో విలోవీమాక్ ఏరు వచ్చి బీవర్‌కిల్‌లో కలుస్తుంది. ఆ చోటుని జంక్షన్ పూల్ అంటారు. నన్ను నీళ్లలోకి దింపింది అక్కడే.

మన ఊళ్లో గేలమంటే వానపామునో పిండిముద్దనో గుచ్చి, బెండు కట్టి, గట్టుమీద కూర్చోవడం. ఫ్లై ఫిషింగ్ పద్ధతి వేరు. కొక్కేనికి ఈకలు, దారం, కాస్త బొచ్చు చుట్టి పురుగులా తయారుచేస్తారు. అదే ఫ్లై. దానికి బరువుండదు కాబట్టి విడిగా విసిరితే ఎక్కడికీ పోదు. బరువంతా లైనులో ఉంటుంది. రాడ్డుతో లైనుని వెనక్కీ ముందుకీ ఆడించి వదిలితే, దాని వెంట ఫ్లై వెళ్లి నీటిమీద వాలుతుంది.

ఆయన విసరడం కంటే ముందు నాకు రాళ్లు తిరగేయడం నేర్పారు. ఏటి అడుగున రాయి తిప్పి చూస్తే దానికి అంటుకుని చిన్న చిన్న పురుగులు పాకుతుంటాయి. మేఫ్లై పిల్లలు. సుమారు ఏడాది అలా నీళ్లకిందే బతికి, ఒకనాడు పైకి తేలి రెక్కలు విప్పుకుంటాయి. రెక్కలొచ్చాక వాటికి తిండి లేదు, తినడానికి నోరు పనిచేయదు. ఒకటి రెండు రోజుల్లో జతకట్టి, గుడ్లు పెట్టి రాలిపోతాయి. అవి గుంపులుగా పైకి లేవడాన్నే హాచ్ అంటారు. ట్రౌట్ చేపలు మనకు కనబడేలా పైకొచ్చి మేసేది ఎక్కువగా ఆ వేళలోనే.

కిటుకంతా ఇక్కడే ఉందర్రా. హాచ్‌కి ఒక వేళ ఉంది. హెండ్రిక్సన్ అనే పురుగు ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో, మధ్యాహ్నం రెండు మూడు గంటలప్పుడు లేస్తుంది. జూన్‌లో అయితే పొద్దు వాలాక చూడాలి. జూలై, ఆగస్టుల్లో ఎండలకు నీళ్లు వేడెక్కుతాయి. ట్రౌట్‌కి చల్లటి నీళ్లు కావాలి. 68 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే దానికి ఊపిరి కష్టమవుతుంది, పట్టి వదిలినా బతుకుతుందన్న నమ్మకం లేదు. అప్పుడు రాడ్డు ముట్టుకోకూడదు. ఇవన్నీ తెలియనివాడు తెల్లారగట్ల దిగి చీకటిపడేదాకా నీళ్లలో నిలబడతాడు. తెలిసినవాడు ఆ రెండు మూడు గంటలకే వచ్చి వెళతాడు. నేను ఏటిని నేర్చుకున్నకొద్దీ ఇంటికి ఎక్కువ పొద్దు మిగిలింది.

న్యూయార్క్ రాష్ట్రంలో అప్పట్లో ట్రౌట్ సీజను ఏప్రిల్ 1న మొదలయ్యేది. ఆ రోజు జంక్షన్ పూల్ దగ్గర జనం కిటకిటలాడేవారు. మనకేమో ఉగాది ఆ వారానికి అటూ ఇటూగా పడుతుంది. మీ మామ్మ ఇండియా నుంచి ఎండబెట్టి తెచ్చుకున్న వేపపువ్వుతో పచ్చడి చేసేది. ఏప్రిల్ మొదట్లో ఏట్లో పారేది మంచు కరిగిన నీళ్లు. పురుగు లేవదు, చేప పైకి రాదు. అందుకని ఉగాది ఎప్పుడు పడినా నేను ఇంట్లోనే. వేసవి సెలవుల్లో ఇండియా ప్రయాణాలు కూడా అంతే, ఏటికి సెలవిచ్చిన నెలల్లోనే పెట్టుకునేవాళ్లం.

ఇక మనుషుల సంగతి. థియోడర్ గోర్డన్ అని ఒకాయన ఉండేవాడు, 1854లో పుట్టాడు. ఈ దేశంలో నీటిమీద తేలే డ్రై ఫ్లైకి ఆయన్నే పెద్దదిక్కుగా చెప్పుకుంటారు. 1890లో ఇంగ్లండు నుంచి అక్కడి డ్రై ఫ్లై నిపుణుడు ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ ఆయనకు కొన్ని ఫ్లైలు పోస్టులో పంపాడు. అవి అక్కడి నిదానంగా పారే తేట ఏళ్లకు కట్టినవి. ఇక్కడి ఉరవడికి తగ్గట్టు గోర్డన్ తన ఫ్లైలు తాను కట్టుకున్నాడు. వాటిలో ఒకటైన క్విల్ గోర్డన్ ఇప్పటికీ నా పెట్టెలో ఉంటుంది. హెండ్రిక్సన్ ఫ్లైని 1916లో కట్టిన రాయ్ స్టీన్‌రాడ్ ఆయన శిష్యుడే, లిబర్టీ ఊరి పోస్టాఫీసులో పనిచేసేవాడు. గోర్డన్ క్షయరోగి. పెళ్లి చేసుకోలేదు. నెవర్‌సింక్ ఏటి పక్కన ఒంటరిగా బతికి 1915లో పోయాడు. ఆయన తిరిగిన ఒడ్డు చాలామటుకు 1950ల్లో ఆనకట్ట కింద మునిగిపోయింది. న్యూయార్క్ నగరానికి మంచినీళ్ల కోసం కట్టారు దాన్ని. మీ అత్త అక్కడ కుళాయి తిప్పితే వచ్చేవి ఈ కొండల నీళ్లే.

గోర్డన్ అంటే నాకు ఎంతో గౌరవం. కానీ బతికిన తీరు కోసం నేను చూసింది మాత్రం రోస్కోలోని డెట్ దంపతుల వంక. వాల్ట్, విన్నీ. కుర్రతనంలో వాల్ట్, రూబెన్ క్రాస్ అనే, ఫ్లైలు కట్టడంలో పేరుమోసిన పనివాడి దగ్గరికెళ్లి విద్య నేర్పమని అడిగితే ఆయన నేర్పనన్నాడు. అప్పుడు వాల్టూ, విన్నీ, వాళ్ల స్నేహితుడు హారీ డార్బీ కలిసి క్రాస్ కట్టిన ఫ్లైలను ఒక్కొక్క చుట్టే విప్పుకుంటూ, ఎలా కట్టాడో కనిపెట్టారు. తర్వాత హారీ, ఆయన భార్య ఎల్సీ కూడా ఇదే పనిమీద బతికారు. బూడిద కలిసిన నీలిరంగు ఈకల కోసం హారీ ప్రత్యేకంగా కోళ్లను పెంచేవాడు. డెట్లకు ఇంటి ముందుగదే కొట్టు. కూతురు మేరీ కూడా ఆ పనే పట్టుకుంది. ఇప్పుడు ఆ కొట్టు నాలుగో తరం చేతిలో ఉంది. ఏరూ ఇల్లూ ఒక్క బల్ల దగ్గరే కూర్చున్నాయి వాళ్లకి.

మీ మామ్మని అక్కడికి తీసుకెళ్లాను. ఆవిడకి నీళ్లలోకి దిగడమంటే సరదా లేదు. కానీ కోనసీమలో చిన్నప్పట్నుంచీ మల్లెలు, కనకాంబరాలు మాలలుగా కట్టిన చెయ్యి. దారం ఎంత బిగించాలో, ఎక్కడ ముడి పడాలో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ చలికాలం మన భోజనాల బల్లకి, కొక్కేన్ని పట్టి ఉంచే చిన్న వైస్ బిగించాం. పిల్లలు ఒక పక్క హోంవర్కు చేసుకుంటుంటే ఇంకో పక్క మేమిద్దరం ఫ్లైలు కట్టేవాళ్లం. మీ నాన్న ఈకలు ఏరేవాడు, మీ అత్త కొక్కేలు సైజులవారీగా వేరుచేసేది. నా ఫ్లైలకంటే ఆవిడవే బాగా తేలేవి. వసంతంలో నేను ఏటికెళితే లైను చివర ఉండేది మీ మామ్మ పనితనం. ఇంటికి రాగానే ఆవిడ మొదటి ప్రశ్న, "నేను కట్టింది తీసుకుందా లేదా?"

చేపని వదిలేయడం మాత్రం ఆవిడకి మొదట మింగుడుపడలేదు. పుస్తెలమ్మైనా పులస తినాలనే చోట పుట్టింది మరి. "ఇంత దూరం పోయి, పట్టి, మళ్లీ నీళ్లలో వదలడమేంటండీ?" అంది. బీవర్‌కిల్‌లో కొంతమేర నో కిల్ నీళ్లు, పట్టిన ప్రతి చేపనీ వదలాల్సిందే. పెద్ద నగరాలకు ఇంత దగ్గరున్న ఏరు, వచ్చినవాళ్లంతా తలా ఒకటి పట్టుకుపోతే పిల్లలకి ఏం మిగులుతుందని చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, వరదనీటికి గోదావరిలో ఎదురెక్కి వచ్చే పులస వాళ్ల నాన్న రోజుల్లో ఎలా దొరికేదో, తర్వాత తర్వాత ఎంత అరుదైపోయిందో చెప్పుకొచ్చింది. ఆ తర్వాత ఎన్నడూ ఆ ప్రశ్న వేయలేదు.

ఇంకొక్కటుంది. మా పెద్దాయన నాకొక నియమం పెట్టారు. "తిరిగొచ్చే గంట ఇంట్లో చెప్పి బయల్దేరు. చెప్పిన గంట దాటకు." అప్పట్లో సెల్‌ఫోన్లు లేవు. నీళ్లలో నిలబడ్డవాడు బతికున్నాడో కొట్టుకుపోయాడో ఇంట్లోవాళ్లకు తెలిసే దారి లేదు. మీ అత్త కూచిపూడి ప్రదర్శన ఒకటి మే నెలలో, సాయంత్రం ఏడింటికి పెట్టారు. ఆ మధ్యాహ్నం మూడింటికి కెయిర్న్స్ పూల్‌లో హెండ్రిక్సన్లు లేచాయి. అవతలి ఒడ్డు నీడలో పెద్ద బ్రౌన్ ట్రౌట్ ఒకటి, పురుగు వెంట పురుగు అందుకుంటోంది. ఇంకో పావుగంటలో దాని వరస నాకు అంతుబట్టేది. నాలుగింటికల్లా నేను కారెక్కాలి. లైను చుట్టేసుకుని, నేను నిలబడ్డ చోటు పక్కనే ఉన్న మా పెద్దాయనకిచ్చి, మీ మామ్మ కట్టిన ఫ్లైయే ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను. గజ్జెలు కట్టే వేళకి నేను హాల్లో ముందు వరసలో ఉన్నాను. రాత్రి ఆయన ఫోన్ చేసి, చేప తీసుకుందని, వదిలేశానని చెప్పారు. మా ఇంట్లో అందరం సంబరపడ్డాం.

మీ మామ్మకి కోపం ఎందుకు రాలేదంటే ఇదిగో, ఇందుకే. వెళ్లే వేళా, వచ్చే వేళా ఆవిడకి తెలుసు. అందులో తన చేతిపని ఉంది. నేనొక్కణ్ణే దాచుకున్నది ఏమీ లేదు.

మీరు ఏటినే పట్టుకోనక్కర్లేదర్రా. సంగీతమో, ఆటో, కొండలెక్కడమో, మీ మనసు దేనిమీద పడితే దాన్నే గట్టిగా ప్రేమించండి. దాని వేళలు లోతుగా నేర్చుకోండి, అప్పుడు వృథాగా పోయే గంటలన్నీ మీ వాళ్లకు మిగులుతాయి. ఇంట్లోవాళ్ల చేతికి కూడా అందులో ఒక పని ఇవ్వండి. ఇక పడుకోండి. రేపు రెండింటికి నీళ్లలోకి దిగుదాం, అయిదింటికి బయటికొచ్చేద్దాం. మామ్మకి ఆ గంటే చెప్పాను.