కోరంగి: ఊరి పేరు ముద్రగా మారిన వైనం

యానాం సమీపంలోని కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరొందిన రేవు. 1839 నాటి పెనుతుపానుతో దాని వైభవం క్షీణించినా, పేరు మాత్రం సముద్రాలు దాటింది. బ్రిటిష్ పాలనలో బర్మాకు కూలికి వెళ్లిన తెలుగువారు శ్రీకాకుళం వారైనా, విశాఖ వారైనా అక్కడివారి దృష్టిలో 'కోరంగీ'లే. తొలుత ఊరిని సూచించిన ఆ మాట క్రమంగా మూటలు మోసేవారికీ, రిక్షాలు లాగేవారికీ తగిలించే చులకన పదమైంది.

1930 మే నెలలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు వేతనం పెంచాలని సమ్మె చేశారు. యజమానులు వారి స్థానంలో బర్మీయులను నియమించి, సమ్మె పరిష్కారం కాగానే వారిని పంపివేశారు. పొట్టకూటికై వచ్చిన ఇరువర్గాల పేదలూ పరస్పరం శత్రువులుగా భావించుకొన్నారు. వీధులు రక్తసిక్తమయ్యాయి. కూలి రేటు నిర్ణయించినవారు మాత్రం ఎవరి ఆగ్రహానికీ గురికాలేదు. 1942లో జపాను దండయాత్ర వేళ లక్షలాది భారతీయులు బర్మాను విడిచారు. అనేకులు అడవులగుండా కాలినడకన స్వదేశం చేరారు.

పరభాషా ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ చరిత్ర పరాయిది కాదు. ముద్రపడినవారి సంతతి మరొకరిపై ముద్ర వేయరాదు. తోటి విద్యార్థిని యాసను బట్టియో, రంగును బట్టియో గాక, అతని పేరుతో పిలవడమే దీని నుండి నేర్వవలసిన పాఠం.