ఒక కిటికీ, పెక్కు చూపులు

మెదకు పట్టణపు కచేరికి భూమి పత్రములకై పోయినవారికి పహాణీ వేఱు, టిప్పన్ వేఱని తెలియును. పహాణీయందు పట్టాదారు పేరు, ఎకరములు, గుంటలు నుండును. గట్టు ఏ వంక తిరిగినదో టిప్పన్ గీతలయందే కానవచ్చును. 1954-55 నాటి ఖాస్రా పహాణీని పటముతో సరిపోల్చు శ్రమ చెప్పనేల!

ఒకే విషయమును పలుతెఱగుల జూపు పనిని యంత్రమునకు నేర్పినవారిలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మొదటితరమువాడు. 1968 డిసెంబరు 9వ తేదీన, అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున, నిండుసభలో నాతడు కంప్యూటరు తెరపై అంగడి సరకుల పట్టీ నొకదానిని జూపెను. అందు అరటిపండ్లును గలవు! పిదప దానినే తరగతులుగా విభజించెను. శీర్షికలను మాత్రము నిలిపి తక్కినవి మఱుగుపఱచెను. మఱల అదే తెరపై దారిపటము దెచ్చి, అందొక తావును జూపగా అచ్చటి పని కనబడెను. సరకు లవియే, చూపు మాత్రము మాఱినది.

నేటి కంప్యూటరు తెరపై దీర్ఘచతురస్రపు హద్దును కిటికీ యందురు. ఒకే కిటికీలో మీట నొక్కి పుట మార్చుట యా త్రోవలోనిదే. కాని యొక చిక్కు గలదు. ఎంగెల్‌బార్ట్ పట్టీ యెన్ని రూపులు దాల్చినను మూల మొక్కటి. మన పహాణీ యంకెలను, టిప్పన్ గీతలను వేఱు కాలములయందు వేఱు చేతులు వ్రాసినవి. వానిని ఒక కిటికీలోనికి దెచ్చినచో తేడా త్వరగా కనబడును. గట్టు తగవు మాత్రము పొలమునందే కొలిచిననే తీఱును.