గాలం ఎవరి ఆట?

ఏటికొప్పాక అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది లక్క బొమ్మలే. అంకుడు కర్ర, చెట్ల నుంచి తీసిన రంగులు, బొంగరాలు, లక్కపిడతలు. ఊరి పక్కనే వరాహ నది. ఆటవస్తువులు చేసి బతికే ఆ ఊళ్లో కూడా ఏటి ఒడ్డున గాలం వేసుక్కూర్చున్న మనిషిని "ఏం ఆడుతున్నావ్?" అని ఎవరూ అడగరు. "ఏమైనా పడ్డాయా?" అంటారు. పడితే సాయంత్రం పులుసు, పడకపోతే ఓ పూట దండగ.

ఇదే పనికి ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఉంది. దేశానికో జట్టు, జట్టుకి ఆరుగురు, ఇద్దరేసి చొప్పున మూడు జతలు. చెరువు గట్టుని మూడు సెక్టార్లుగా విడగొడతారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది చీటీ తీసి తేలుస్తారు. డెబ్బై రెండు గంటలు, రాత్రింబవళ్లు, గట్టు మీద గుడారంలోనే తిండీ నిద్రా. పట్టాల్సింది కార్ప్ చేప, అంటే మన మత్స్యశాఖ వాళ్లు బంగారుతీగ అని పిలిచేది. మరీ చిన్నవి లెక్కలోకి రావు. పట్టిన చేపని తడిపిన పరుపు మీద పడుకోబెట్టి, ముల్లు దిగిన చోట మందు రాసి, జడ్జి తూకం వేశాక మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. మూడు రోజుల కష్టానికి చేతిలో మిగిలేది ఒక అంకె.

ఆ అంకె లెక్కగట్టే పద్ధతి చూసే నేను మొదట దీని వైపు తిరిగాను. వృత్తి దోషం. జట్టు పట్టిన మొత్తం బరువుని బట్టి కాదు గెలుపు. ఏ సెక్టార్‌లో ఏ జత ఎన్నో స్థానంలో నిలిచిందో చూసి ఆ స్థానాలు కలుపుతారు, మొత్తం తక్కువున్న జట్టు గెలుస్తుంది. ఎందుకంటే చేపలు చెరువంతా సమానంగా ఉండవు. ఒక జతకి చీటీలో మంచి మూల తగిలి రెండు వందల కిలోలు పడితే, బరువు లెక్కలో మిగతా ఇద్దరు జతగాళ్ల చేతకానితనం దాని కింద కప్పడిపోతుంది. స్థానాల లెక్కలో అలా దాక్కోలేరు. అదృష్టమే ఎక్కువగా ఉన్న ఆటని జట్టు ఆటగా మార్చింది ఈ చిన్న కూడికే.

దీనంతటికీ మూలం ఇంగ్లండ్‌లోని ఒక చిన్న చెరువు. 1952 సెప్టెంబర్ 13న హెర్ఫర్డ్‌షైర్‌లోని రెడ్‌మైర్ పూల్‌లో రిచర్డ్ వాకర్ అనే ఆయన 44 పౌండ్ల కార్ప్‌ని పట్టాడు. అంటే దాదాపు 20 కిలోలు. దాన్ని వండుకోలేదు, లండన్ జూకి ఇచ్చాడు. అక్కడ క్లారిస్సా అనే పేరుతో అది 1971 దాకా బతికింది. పట్టిన చేపకి పేరుండటం, దాని బరువు ఏళ్ల తరబడి జనానికి గుర్తుండటం అక్కడి కార్ప్ గాలగాళ్లకి అలవాటుగా మారింది. కెంట్‌లో టూ-టోన్ అని ఇంకో చేప ఉండేది. చాలామంది చేతుల్లో పడి, తూకమేయించుకుని, మళ్లీ నీళ్లలోకి వెళ్లింది. 2010లో అది చచ్చిపోతే దాన్ని పట్టినవాళ్లు చేరి అంత్యక్రియలు చేశారు. నవ్వొస్తుంది గానీ, మన ఇళ్లల్లో ఎద్దు చచ్చిపోతే ఏడ్చినవాళ్లు లేరా?

1980 ప్రాంతంలో లెనీ మిడిల్‌టన్, కెవిన్ మాడక్స్ కలిసి ఇంకో కిటుకు కనిపెట్టారు. అప్పటిదాకా ఎరని ముల్లుకి గుచ్చేవాళ్లు. వీళ్లు ముల్లుని ఖాళీగా వదిలేసి, దాని పక్కన ఒక వెంట్రుకకి ఎరని వేలాడదీశారు. కార్ప్ నేల మీది తిండిని నోట్లోకి పీల్చి, అనుమానం వస్తే ఉమ్మేస్తుంది. ఎర ఉమ్మేసినా వెనకే వచ్చిన ముల్లు పెదవికి తగులుకుంటుంది. చేప అనుమానాన్నే చేపకి ఉచ్చుగా మార్చారన్నమాట. ఎర కూడా మారింది. పిండి, గుడ్లు కలిపి ఉడకబెట్టిన గట్టి ఉండలు వచ్చాయి. అవి నీళ్లలో నానిపోవు, చిన్న చేపలు కొరకలేవు. వాటిని కిలోల లెక్కన ఒకే చోట చల్లి చేపలకి అలవాటు చేస్తారు.

ఇక్కడే నేను ఆగిపోయాను. పిండి ఉండలు చల్లి చేపల్ని ఒక చోటికి మరిపి, ఆ తర్వాత గాలం వెయ్యడం మన దగ్గర తొమ్మిది వందల ఏళ్ల క్రితమే రాసిపెట్టిన విద్య. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు (1126-1138) పేరు మీదున్న సంస్కృత గ్రంథం 'మానసోల్లాసం'లో మత్స్యవినోదమని ఒక ప్రకరణం ఉంది. కల్యాణి అంటే ఇప్పటి బీదర్ జిల్లాలోని బసవకళ్యాణ్. మన కొలనుపాక కూడా ఆ రాజ్యంలోదే. సుమారు 35 రకాల చేపలు, ఏది ఏ నీళ్లలో ఉంటుంది, దేనికి ఏం మేపాలి, ఎర ఏది, తాడు ఎలా ఉండాలి, అన్నీ అందులో వస్తాయి. మేతకి అన్నం, శనగపిండి, నువ్వులు. ఆ ప్రకరణం పేరులోనే వినోదం ఉంది, అది ఎవరి వినోదమో కూడా స్పష్టం. గట్టు మీద కూర్చునేది రాజు. రోజూ నీళ్లలోకి మేత విసిరింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

రాజు తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది కలెక్టర్. మద్రాస్ సివిల్ సర్వీస్‌లో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా', 1887లో 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' రాశాడు. రెండోది పూర్తిగా మన చెరువుల్లో గాలం వెయ్యడం గురించే. సెలవు రోజు ఒక దొర ఊరి చెరువులో బెండు కదలిక చూస్తూ కూర్చోవడానికి కావలసిన జ్ఞానమంతా అందులో ఉంది. ఆయనకి చేపలంటే నిజమైన ప్రేమే, కాదనను. కానీ అదే థామస్ ప్రభుత్వానికి రాసిన నివేదికల్లో చేపలు తరిగిపోవడానికి కారణం స్థానికుల సన్నకన్ను వలలూ, మావులూ, నీళ్లలో కలిపే విషాలూ అన్నాడు. 1897లో వచ్చిన ఇండియన్ ఫిషరీస్ యాక్ట్ విషాన్నీ డైనమైట్‌నీ నిషేధించి, వల కన్ను సైజుని అదుపు చేసే అధికారం ప్రభుత్వాలకి ఇచ్చింది. డైనమైట్ నిషేధం న్యాయమే. అయినా ఒక సంగతి తేడాగా అనిపిస్తుంది. ఆడుకోవడానికి పట్టేవాడు చేపల సంరక్షకుడయ్యాడు, తినడానికి పట్టేవాడు దోషి అయ్యాడు.

అందరూ ఒకేలా చూడలేదు లెండి. అంతకు చాలా ముందే విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ తరఫున పనిచేసిన పాట్రిక్ రస్సెల్, అక్కడ సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో 1803లో పుస్తకం వేశాడు. చేపలకి అక్కడి జనం పిలుచుకునే పేర్లనే తనకి వినపడ్డట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. ఎక్కువ సముద్రపు చేపలే. కానీ ఆ పేర్లు చెప్పిన జాలర్లు ఆ స్పెల్లింగుల్లో ఇప్పటికీ వినిపిస్తారు.

వాకర్ కార్ప్ పట్టిన ఐదేళ్లకి, 1957 జూలై 10న, ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసం ఎక్కించి కార్ప్ జాతి చేపల చేత గుడ్లు పెట్టించాడు. ఏటి వరదల కోసం ఎదురు చూడకుండా పిల్లల్ని తీసే దారి దొరికింది. బొచ్చె, రోహు, ఎర్రమోసు పెంపకం దేశమంతా పాకడానికి మూలం అదే. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో హౌరాకి వెళ్లే లారీలన్నిటి వెనకా ఆ ఇంజెక్షన్ ఉంది. ఒకే కుటుంబం చేప. అక్కడ దానికి పేరు పెట్టుకున్నారు, ఇక్కడ టన్నుల్లో తూచారు. మనకి ఆట రాలేదని దీన్ని వెనకబాటుగా చెప్పేవాళ్లు కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. కడుపు నింపిన పరిశోధన గొప్పతనం ఏ కప్పుకీ తీసిపోదు.

అసలు మన దగ్గర ఈ ఆటకి అడ్డం ఆకలి ఒక్కటే కాదు, హక్కు. చెరువులో చేప ఎప్పుడూ ఎవరిదో ఒకరిదై ఉంటుంది. పంచాయతీ పాట పాడినవాడిదో, మత్స్యకార సొసైటీదో. 2016లో తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లల్ని చెరువుల్లో వదలడం మొదలుపెట్టాక, సొసైటీల్లో సభ్యత్వం ఎవరికన్న తగవు ముదిరాజులకీ గంగపుత్రులకీ మధ్య ఇంకా ముదిరింది. అలాంటి గట్టు మీద ఖరీదైన గాలపు కర్ర పట్టుకుని కూర్చునే నాలాంటి సిటీవాడు ఆటగాడిలా కనపడడు, దొంగలా కనపడతాడు. యూరప్‌లో ఈ చిక్కు డబ్బుతో తీరిపోయింది. చెరువుకి యజమాని ఉంటాడు, టికెట్ కొంటారు, చేపని వదిలేస్తారు. ఆ చేప అమ్ముకుని బతికే మనిషి ఆ లెక్కలో లేడు.

ఏటికొప్పాకకి మరీ దూరం కాని కొండకర్ల ఆవలో తాటి మొద్దుల్ని దొలిచి చేసిన దోనెల మీద ఇప్పటికీ చేపలు పడతారు. రేపు ఎవరైనా అక్కడ డెబ్బై రెండు గంటల జతల పోటీ పెడితే, ముందు ఆ దోనెలన్నీ మూడు రోజులు ఒడ్డెక్కాలి, వలలు తియ్యాలి. ఎంట్రీ ఫీజు ఎంత పెట్టాలో నిర్వాహకులకి తెలుస్తుంది. ఆ మూడు రోజుల వేట ఎంతో, అది ఏ ఇంట్లో ఎవరికి కట్టాలో తెలియాలంటే మాత్రం ఒడ్డున దోనె కట్టేసుకుంటున్న వాళ్లనే అడగాలి.