ట్యాంకులో పండిన ఊదారంగు

1980లలో జపాన్‌లో కానెబో కంపెనీ ఒక లిప్‌స్టిక్ అమ్మింది. దానికి ఎరుపునిచ్చిన పదార్థం షికోనిన్. అది మురసాకి అనే మొక్క వేళ్లలో పుట్టే రంగు. కానీ ఆ లిప్‌స్టిక్ కోసం ఎవరూ మురసాకి నాటలేదు, వేరు తవ్వలేదు. మొక్క కణాలను మాత్రమే బయోరియాక్టర్లలో, పోషక ద్రావణంలో పెంచి రంగు తీశారు. మొక్కల కణాలను ఇలా పెంచి సరుకుగా అమ్మిన తొలి పదార్థం షికోనినే అంటారు.

ఆలోచన మాత్రం అంతకు 80 ఏళ్ల ముందుది. 1902లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు గాట్‌లీబ్ హాబర్లాంట్ ఆకు కణాలను విడదీసి గాజు పాత్రలో ఉంచాడు. అవి వారాల తరబడి బతికాయి, పరిమాణంలో పెరిగాయి. ఒక్కటీ రెండుగా చీలలేదు. వాటికి కరువైనవి హార్మోన్లని అప్పటికి ఎవరికీ తెలియదు. 1939 నాటికి ఫ్రాన్స్‌లో గోత్రే, నోబెకూర్ క్యారట్ కణజాలాన్ని, అమెరికాలో ఫిలిప్ వైట్ పొగాకు కణజాలాన్ని ఎడతెగకుండా పెంచగలిగారు. ఆ తర్వాత కొబ్బరికాయ వంతు వచ్చింది. 1948లో కాప్లిన్, స్టీవర్డ్ ద్రావణంలో కొబ్బరినీళ్లు కలిపేసరికి క్యారట్ కణాల పెరుగుదల జోరందుకుంది. కణవిభజనను పురిగొల్పే సైటోకైనిన్లనే హార్మోన్లు ఆ నీళ్లలో ఉన్నాయని తర్వాత తేలింది. 1962లో మురషిగే, స్కూగ్ పోషక ద్రావణం పాళ్లు ఖరారు చేశారు. అనంతపురం, కడప రైతులు నాటే టిష్యూ కల్చర్ అరటి మొక్కలకు ల్యాబుల్లో ఈనాటికీ ఆ పాళ్లే ఆధారం.

ట్యాంకులో మొక్క కణాలు పెంచే పద్ధతికి ఫైజర్ కంపెనీ 1956లోనే పేటెంట్ పొందింది. అంటే పెంచడం వచ్చింది. కావలసిన పదార్థాన్ని వాటిచేత చేయించడం మాత్రం రాలేదు.

కారణం మొక్క స్వభావంలోనే ఉంది. మనకు కావలసిన రంగుల్లో, మందుల్లో, యాంటీఆక్సిడెంట్లని పిలిచేవాటిలో చాలా భాగం మొక్క తన రక్షణ కోసం చేసుకునేవే. మండే ఎండ, పురుగు, బూజు, గాయం, ఏది మీదపడినా పారిపోలేని జీవి రసాయనాలతోనే ఎదుర్కోవాలి. ట్యాంకులో చక్కెరకు, నత్రజనికి కొదవ లేదు, శత్రువు లేడు. అక్కడ కణం హాయిగా పెరుగుతుంది. కవచం ఎందుకు తయారుచేసుకుంటుంది? ఈ ప్రశ్నకు జపనీయులు కనుగొన్న జవాబే ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే గొప్ప ఘట్టం.

మురసాకి పూలు తెల్లన, వేళ్లు ఊదా. ఆ వేళ్లతో జపనీయులు శతాబ్దాలుగా పట్టుకు రంగు అద్దారు, కాలిన గాయాలకు లేపనం చేసుకున్నారు. అందులోని షికోనిన్ నిర్మాణాన్ని 1918లో శాస్త్రజ్ఞుల ముందుంచిన కురోదా చికా, జపాన్‌లో సైన్సు డిగ్రీ అందుకున్న మొదటి మహిళ. ఆమె పేరు ఈ కథలో ఇంకా పెద్దగా వినపడాలి. అప్పటికి అది ఏమిటో తెలిసింది, కానీ దొరకడమే కష్టమైపోయింది. వేరు ఊరడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, తీరా తవ్వితే అందులో షికోనిన్ ఒకటి రెండు శాతమే. అడవిలో మొక్కే అరుదైపోయింది.

1970లలో క్యోటో విశ్వవిద్యాలయంలో తబాతా మామోరు బృందం మురసాకి కణాలను పట్టుకుని కూర్చుంది. వెలుతురు తగిలితే రంగు రాదు. ద్రావణంలో అమ్మోనియం ఉంటే కణాలు బాగా పెరుగుతాయి, రంగు మాత్రం చేయవు. అమ్మోనియం తీసేసి నైట్రేటు ఒక్కటే పెడితే రంగు చేస్తాయి, కానీ పెరుగుదల మందగిస్తుంది. రెండూ ఒకే చోట కుదరవని తేలాక మిత్సుయి పెట్రోకెమికల్ కంపెనీ పనిని రెండుగా విడగొట్టింది. ముందు 200 లీటర్ల ట్యాంకులో పెరగనిచ్చి, తర్వాత అమ్మోనియం లేని, రాగి మోతాదు పెంచిన ద్రావణమున్న 750 లీటర్ల ట్యాంకులోకి మార్చింది. కొద్ది వారాల్లోనే కణాల ఎండు బరువులో పదో వంతుకు మించి షికోనిన్ వచ్చింది. 1983లో అది బజారుకెక్కింది.

ఇలాగే మన ఇళ్లలో రంగురంగుల ఆకుల కోసం పెంచే కోలియస్ మీద జర్మన్లు పనిచేశారు. పోషకాల పాళ్లు మార్చి, దాని కణాల ఎండు బరువులో ఐదో వంతు దాకా రోస్మరినిక్ ఆమ్లమనే యాంటీఆక్సిడెంట్‌ను రాబట్టారు. శాస్త్రంగా అది ఘనవిజయమే. కాకపోతే అదే ఆమ్లం రోజ్‌మేరీ, పుదీనా కుటుంబపు మొక్కల్లో పొలంలోనే చౌకగా దొరుకుతుంది. మొక్క కణాలు నిదానంగా పెరుగుతాయి, గట్టిగా కలిపితే చితికిపోతాయి. వారాల తరబడి సాగే ఆ పెంపకంలో ఒక్క బ్యాక్టీరియా చొరబడినా మొత్తం పారబోయాల్సిందే. ఇంత ఖర్చు అరుదైనవాటికే గిట్టుబాటవుతుంది.

కొరియాలో జిన్‌సెంగ్ అనే మందు వేరుకు గిట్టింది. పొలంలో ఐదారేళ్లు పట్టే ఆ వేరుకు బదులు, మట్టి అంటని సన్నని వేళ్లను 10,000 లీటర్ల రియాక్టర్లలో వారాల్లో పెంచుతున్నారు. అక్కడ మందు గుణం పెంచడానికి వాడే మిథైల్ జాస్మొనేట్ జాజిపూల పరిమళంలో ఒక భాగం. 1962లో ఆ పూల నూనె నుంచే దాన్ని వేరుచేశారు. మొక్కకు గాయమైనప్పుడు లోపల మోగే హెచ్చరిక కూడా అదే. పెరుగుదలను అణచివేస్తుంది కనుక దాన్ని మొదట్లో వేయరు. వేళ్లు ఏపుగా ఎదిగాక చివరి రోజుల్లోనే కలుపుతారు.